జాలాసురికి 60కి 41: అనంతపురం ఎగ్జిబిషన్‌లో గ్రహాంతర అడవి

మా అనంతపురంలో ఎండాకాలం ఎగ్జిబిషన్ అంటే నాకు ఢిల్లీ అప్పడం, జెయింట్ వీల్, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటే బకెట్లోకి దిగే ఎర్రదుమ్ము, అంతే. ఈ ఏడు వాటికి ఒక రాక్షసి తోడైంది. పేరు జాలాసురి. హరిత-7 అనే గ్రహంలో అడవుల్లో తిరిగే పన్నెండడుగుల సాలెపురుగు అట. బెంగళూరు నుంచి సెలవులకొచ్చిన మా మనవడు ఆ పోస్టర్ చూసినప్పటి నుంచి అన్నం దగ్గర కుదురుగా కూర్చోలేదు. "అవ్వా, పోదాం. అవ్వా, ఈరోజన్నా పోదాం." మూడో రోజుకి వాడి నస భరించలేక పోయినాం.

ఒక సంగతి ముందే చెప్పాలి. నేను ముప్పై ఒక్క ఏళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినదాన్ని. మొదటి తొమ్మిదేళ్లు గుత్తిలో, మిగతావన్నీ ఇక్కడ. స్పాట్ వాల్యుయేషన్‌లో ఎర్ర పెన్ను పట్టుకుని ఎన్ని పేపర్లు దిద్దానో లెక్కలేదు. అందుకే స్టార్లు వేసి రివ్యూ ఇవ్వడం నాకు చేతకాదు. మా జువాలజీ పేపర్ 60 మార్కులకు ఉండేది. దాని లెక్కనే జాలాసురికి 41 వేశాను. 19 ఎక్కడ కోశానో చెప్తాను.

గేటు టికెట్టు కాకుండా ఈ హాలుకు విడిగా పెద్దవాళ్లకు 100, పిల్లలకు 60. పొద్దుగూకాకే వెళ్లండి. రేకుల షెడ్డు చుట్టూ నల్లగుడ్డ కట్టారు, పగలు లోపల నిలబడితే మనమే ఉడికిపోతాం. వాళ్లు అడవి వాసన కోసం ఏదో సెంటు కొట్టారు గానీ ముక్కుకు తగిలేది డీజిలు, ఫెవికాల్. కూర్చోవడానికి ఎక్కడా ఒక్క కుర్చీ లేదు. మోకాళ్ల నొప్పులున్న నాలాంటివాళ్లు ఇరవై ఐదు నిమిషాలు నిలబడగలమో లేదో చూసుకుని టికెట్టు తీయాలి. నాలుగేళ్ల లోపు పిల్లల్ని తీసుకెళ్లొద్దు. మా ముందున్న ఒకమ్మ చంకలో పాపను పెట్టుకుని సగంలోనే వెనక్కి తిరిగింది.

అడవి బాగుంది. కొబ్బరిపీచుతో చేసిన చెట్లు, వాటికి కింది నుంచి నీలం లైట్లు, పైన ఎక్కడో నీటి చుక్కల శబ్దం. మైకులో ఒక మగ గొంతు తెలుగులో వ్యాఖ్యానం చెప్తూ ఉంటుంది. రాసినవాళ్లెవరో గానీ ఊరికే భయపెట్టి పంపేద్దాం అనుకోలేదు. హరిత-7లో గాలి మన గాలికంటే చిక్కన, అందులో ఆక్సిజన్ 40 శాతం, గురుత్వాకర్షణ భూమి మీద ఉన్నదాంట్లో మూడో వంతు, అని మొదలుపెట్టాడు. నేను చేతిలో శెనక్కాయల పొట్లం మూసేసి వినడం మొదలుపెట్టాను.

ఎందుకంటే పెద్ద సాలెపురుగు అనగానే జువాలజీ వాళ్లకు ముందు వచ్చే అనుమానం ఒంటి బరువు, ఊపిరి, ఈ రెండింటి మీదే. ఇప్పుడు భూమ్మీద ఉన్న సాలెపురుగుల్లో బరువులో పెద్దది దక్షిణ అమెరికాలోని గోలియత్ టరాంటులా. కాళ్లు చాపితే 30 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, బరువు 170 గ్రాముల దరిదాపు. దాన్నే పన్నెండడుగులకు పెంచామనుకోండి. పొడవు 12 రెట్లు అయితే బరువు 12 రెట్లు కాదు, 1728 రెట్లు. అంటే దగ్గర దగ్గర 300 కిలోలు. కాలి మందం, అంటే కాలిని అడ్డంగా కోస్తే కనబడే వైశాల్యం, 144 రెట్లే పెరుగుతుంది. కాలి మీద పడే భారం పన్నెండింతలు అవుతుందన్నమాట. మన భూమ్మీదైతే అది లేచి నిలబడే లోపే కాళ్లు విరిగి చతికిలబడుతుంది. ఇక కుబుసం విడిచే రోజు దాని గతి చెప్పనక్కర్లేదు. కొత్త చర్మం గట్టిపడే దాకా ఆ 300 కిలోలూ ఉడికించిన వంకాయలాగా నేల మీద పరుచుకోవాలి. నేల మీద తిరిగే సంధిపాద జీవుల్లో, అంటే సాలెపురుగు, పీతలాంటి కీళ్ల కాళ్ల జీవుల్లో, ఈరోజు అన్నిటికన్నా బరువైంది కొబ్బరి పీత, అదీ 4 కిలోల దగ్గర ఆగిపోతుంది.

గురుత్వాకర్షణ మూడో వంతు అనేసరికి పన్నెండింతల భారం కాస్తా నాలుగింతలకు దిగింది. కాళ్లు కొంచెం లావు చేసుకుంటే నెట్టుకురావచ్చు. చేశారు కూడా, చింతమొద్దుల్లా ఉన్నాయి. ఆక్సిజన్ సంగతీ అంతే. సాలెపురుగుకు మనలాగా ఛాతీ ఉబ్బించి గాలి పీల్చే ఏర్పాటు లేదు. కడుపు కింద పుస్తకం పేజీల్లా పొరలుంటాయి, బుక్ లంగ్స్ అంటాం. ఆ పొరల మధ్యకు గాలి దానంతట అది చేరాలి. ఒళ్లు పెరిగేకొద్దీ అది చాలదు. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట మన భూమ్మీదే గాలిలో ఆక్సిజన్ 30 శాతం దాటిందని అంచనా. ఆ రోజుల్లో తూనీగ జాతి పురుగుల రెక్కలు రెండు వైపులా కలిపి 65 సెంటీమీటర్ల పైన ఉండేవి. పురుగులు అంత పెరగడానికి ఆ గాలే ఒక కారణమని చాలామంది శాస్త్రవేత్తలు అంటారు. కాబట్టి 40 శాతం అని ఎవరో ఆలోచించి రాసిందే. ఇక్కడ ఒక్క మార్కు కూడా కోయలేదు. కాకపోతే ఆ మూలన ఒక వ్యోమగామి బొమ్మ చేతిలో దివిటీ పెట్టారు. 40 శాతం ఆక్సిజన్‌లో దివిటీ వెలిగించినవాణ్ణి జాలాసురి తినే పని లేదు, అడవితో కలిపి వాడే కాలిపోతాడు.

తర్వాత వేట. చెట్టు తొర్ర చుట్టూ నేల మీద తాళ్లు పరిచారు. మనం నడుస్తూ వాటిలో ఒకదాన్ని తొక్కగానే తొర్రలోంచి ఎనిమిది కాళ్లూ ఒక్కసారిగా బయటికొస్తాయి. మా వాడు ఎగిరి నా చీర కుచ్చిళ్లు పట్టుకున్నాడు. ఇది నూటికి నూరు పాళ్లూ సాలెపురుగు పనే. బొరియలో కాపురం ఉండే కొన్ని జాతులు గుమ్మం చుట్టూ దారాలు పరిచి లోపల కూర్చుంటాయి. దారం మీద చీమ నడిచినా కాలికి తెలుస్తుంది. వాటి కాళ్ల మీద సన్నని చీలికల్లాంటి ఇంద్రియాలుంటాయి, అదురును అవి పట్టేస్తాయి. ఎనిమిది కళ్లున్నా ఇలాంటి జాతుల్లో చాలావాటికి చూపు అంతంతమాత్రం. కంటికన్నా కాలే ఎక్కువ పని చేస్తుంది. వ్యాఖ్యాత ఈ మాట చెప్పినప్పుడు మనసులో శభాష్ అనుకున్నాను.

అనుకున్నానో లేదో, ఆ మహాతల్లి మెడ తిప్పి మమ్మల్ని చూసింది.

సాలెపురుగుకు మెడ ఎక్కడిది? తల, ఛాతీ అతికి ఒకటే ముద్దగా ఉంటాయి. దాని వెనక సన్నని నడుము, ఆ తర్వాత కడుపు. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సిందే. ఇది ఇంటర్ మొదటి ఏడాది పిల్లకాయలకు కూడా తెలిసిన ముక్క. 4 మార్కులు పోయినాయి. ఆ వెంటనే నోరు తెరిచి సింహంలా గర్జించింది, 3 పోయినాయి. సాలెపురుగుకు గొంతు లేదు. కొన్ని టరాంటులాలు ఒంటి మీది ముళ్లలాంటి వెంట్రుకలు ఒకదానికొకటి రాసి బుస్సుమంటాయి, దాన్ని మైకులో పెంచి వినిపించి ఉంటే గర్జన కంటే గుండె ఎక్కువ జారేది. తెరిచిన నోట్లో పులిపళ్లలా రెండు వరసల థర్మకోల్ పళ్లు. అక్కడింకో 3. అప్పుడే మైకులో ఆయన ఏం చెప్తున్నాడంటే, "జాలాసురి తన ఆహారాన్ని నమలదు, జీర్ణరసాలు చిమ్మి ద్రవంగా మార్చి పీల్చేస్తుంది" అని. చాలా కరెక్టు. నమలనిదానికి అన్ని పళ్లెందుకు? చెప్పేవాడికీ చేసేవాడికీ మధ్య ఎవరూ ఫోన్ చేసుకున్నట్టు లేదు.

తర్వాత రక్తం. వ్యోమగామి బొమ్మ కత్తితో జాలాసురి కాలు నరికితే పైపులోంచి ఎర్రనీళ్లు చిమ్ముతాయి, ముందు వరసలో ఉన్నవాళ్ల మీద నాలుగు చుక్కలు పడతాయి, పిల్లలు కేరింతలు. మన రక్తం ఎర్రగా ఉండేది హీమోగ్లోబిన్‌లోని ఇనుము వల్ల. సాలెపురుగు ఒంట్లో ఆక్సిజన్ మోసేది హీమోసయనిన్, అందులో ఉండేది రాగి. ఆక్సిజన్ అందుకున్నప్పుడు లేత నీలంగా ఉంటుంది. గ్రహాంతర జీవికి నీలం నెత్తురు పెట్టే అవకాశం నిజమైన శాస్త్రమే చేతికిస్తే దాన్ని వదిలేసి ఎర్రరంగు కలిపారు. 4 కోశాను, కోపంతోనే కోశాను.

అడవిలో తిండి లెక్క కూడా తప్పింది. పెద్దవీ చిన్నవీ కలిపి మూలమూలకూ ఒక జాలాసురి, నేను లెక్కపెడితే 11 వచ్చాయి. తినడానికి జింకలాంటి జంతువు ఒకే ఒక్కటి. అదీ చెవి విరిగి ఉంది. లిండెమన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1942లో చెప్పింది మేం ఏటా బోర్డు మీద రాసేవాళ్లం: ఆహార గొలుసులో ఒక మెట్టు నుంచి పై మెట్టుకు చేరే శక్తి సుమారు పదో వంతే. ఒక వేటగత్తె బతకాలంటే కింద గుంపులు గుంపులుగా మేసేవి ఉండాలి. సాలెపురుగులు తిండి లేకుండా నెలల తరబడి ఉండగలవు, ఆ మాట ఒప్పుకుంటాను. అయినా పదకొండుకి ఒక్క జింక అంటే పెళ్లిలో ఒక్క విస్తరే వేసినట్టుంది. 5.

ఇంత కోసినదాన్ని 41 దగ్గర ఎలా ఆగానో చెప్పాలంటే ఆరోజు కరెంటు పోవడం గురించి చెప్పాలి.

చివరి గదిలో అన్నిటికంటే పెద్ద జాలాసురి ఉంది. వీపు మీద పిల్లలు, అరచేయంత బొమ్మలు, ఓ ముప్పై దాకా. తోడేలు సాలీళ్లు అచ్చం ఇలాగే పిల్లల్ని వీపు మీద మోస్తాయి. మా వాడు వాటిని లెక్కపెడుతూ ఉండగా కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, మైకు ఆగింది. ఎమర్జెన్సీ లైటు ఒక్కటి వెలుగుతోంది. అప్పటిదాకా వెనక ఎక్కడో దడదడమంటున్న మోత కూడా ఆగింది. ఆ నిశ్శబ్దంలో సన్నగా స్స్‌స్ అని గాలి దిగుతున్న శబ్దం. చాచి ఉన్న ఎనిమిది కాళ్లూ ఒక్కొక్కటే వంగుతూ, మెల్లగా, కడుపు కిందికి ముడుచుకుపోయాయి. మొదట ముందు రెండు, తర్వాత ఎడమ వైపువి, చివరగా వెనకటి కాలు ఒకటి కాసేపు వణికి అదీ ముడుచుకుంది.

"అవ్వా, సచ్చిపోయిందా?" అన్నాడు మా వాడు, గొంతు చిన్నబోయి.

నేనైతే చప్పట్లు కొట్టాను. పక్కనున్నవాళ్లు నా వైపు అదోలా చూశారు. చూడనీ.

ఇంట్లో చచ్చిపడిన సాలెపురుగును చూసే ఉంటారు, కాళ్లన్నీ లోపలికి ముడుచుకుని ఉంటుంది. ఎందుకంటే దాని కాళ్లలో ముఖ్యమైన రెండు కీళ్ల దగ్గర వంచే కండరమే ఉంది, చాచే కండరం లేదు. చాచాలంటే ఒంట్లోని రక్తాన్ని ఒత్తిడితో కాలిలోకి తోయాలి. ప్రాణం పోగానే ఆ ఒత్తిడి పోతుంది, కాళ్లు ముడుచుకుపోతాయి. ఇది సిలబస్‌లో లేకపోయినా ప్రతి బ్యాచ్‌కీ చెప్పేదాన్ని, నల్లబల్ల మీద బొమ్మ గీసి, చేతులు వంచి చూపించి. ఎంతమందికి ఎక్కిందో తెలియదు. ఇక్కడ ఒక రేకుల షెడ్డులో, కరెంటు పోయినందువల్ల, నా ఉద్యోగం మొత్తంలో చూపించలేనంత స్పష్టంగా కనబడింది.

షో అయ్యాక తెర వెనక్కి వెళ్లాను. లుంగీలో ఒక నలభై ఏళ్లాయన కంప్రెసర్ పక్కన కూర్చుని బొరుగులు తింటున్నాడు. పంక్చర్ షాపులో ఉండేలాంటి కంప్రెసరే. కాళ్లు ఎలా కదుల్తాయని అడిగాను.

"పాత లారీల బ్రేకు చాంబర్లు మేడమ్. గాలి కొడితే కాలు చాపుతాది. గాలి పోతే లోపల స్ప్రింగు ఎనక్కి లాగేస్తాది, ముడుచుకుంటాది."

"సాలెపురుగు కాలు కూడా ఇంతే. మీరు చూసి చేశారా?"

"లేదు మేడమ్, చాపేదానికొకటి ముడిచేదానికొకటి రెండు పెడితే కర్చు ఎక్కువని ఒకటే పెట్టినా." కాసేపాగి, "అయితే కరెక్టే పెట్టినానా?" అన్నాడు.

పూర్తిగా కరెక్టు అని చెప్పాను. గాలి బదులు ద్రవం, అంతే తేడా. లారీ షెడ్డులో పని నేర్చుకున్న మనిషట.

ఆయనకు నేను గుత్తి కథ చెప్పాను, మీకూ చెప్తాను. 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఒక టరాంటులాకు పేరు పెట్టాడు, పోయెసిలోథీరియా మెటాలికా. దొరికింది మన గుత్తిలో, రైల్వే కలప యార్డులో. ఒళ్లంతా మెరిసే నీలం. కాళ్లు చాపితే ఆరేడు అంగుళాలు, కాళ్ల మీద పసుపు మచ్చలు. తర్వాత నూరేళ్లు అది ఎవరి కంటా పడలేదు. 2001లో మళ్లీ దొరికింది, గుత్తిలో కాదు, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. మొదటిది కలప మొద్దులో దాక్కుని రైలెక్కి గుత్తికి చేరి ఉంటుందని అనుకుంటున్నారు. తొర్రలున్న పాత చెట్ల మీద, వంద చదరపు కిలోమీటర్లకు లోపు ఉన్న ముక్కలోనే ఉందని, అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాబితాలో పెట్టారు. ఆ నీలం రంగు పూసినదీ కాదు, రంగు పదార్థమూ కాదు. వెంట్రుకల లోపలి అతి సన్నని పొరల మీద వెలుతురు పడి చెదిరినప్పుడు పుట్టే నీలం. విదేశాల్లో దాన్ని గాజుపెట్టెల్లో పెంచుకుంటారు, గూటీ అని మన ఊరి పేరుతోనే అమ్ముకుంటారు. నేను తొమ్మిదేళ్లు గుత్తి స్టేషన్లో దిగి కాలేజీకి నడిచాను. బొద్దింక, తేలు, వానపాము అన్నీ చెప్పాను. ఈ ముక్క ఒక్కసారీ చెప్పలేదు, పేపర్లో వచ్చాకే నాకూ తెలిసింది.

"మన గుత్తేనా మేడమ్?" అని రెండుసార్లు అడిగాడాయన. మూడోసారి, "గుత్తి అని బోర్డు పెడితే టికెట్టు ఎవరు కొంటారు మేడమ్, హరిత-7 అంటేనే వస్తారు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

బయటికొచ్చే దారి బొమ్మల కొట్టులోంచే. తప్పించుకోలేరు. రబ్బరు జాలాసురి 250, బేరమాడితే 180కి ఇచ్చారు. దాని కాళ్లు ఎనిమిదీ కడుపుకు అంటించి ఉన్నాయి. సాలెపురుగు కాళ్లు కడుపుకు ఉండవు, ముందు భాగానికే నాలుగు జతలు. ఇంటికొచ్చాక మా వాడికి చెప్తే మరుసటిరోజు పొద్దున ఉగ్గాని తింటూనే బొమ్మ కాళ్లు పీకి ఫెవిక్విక్‌తో ముందు భాగానికి అంటించాడు. ఆరు నిలిచాయి, రెండు ఊడిపోయాయి. ఆరు కాళ్లుంటే కీటకం అయిపోతుందని వాడే ఏడ్చాడు. కొనొద్దు.

మొత్తానికి 100 రూపాయలకు ఖర్చు దండగ కాదు. పిల్లలు ఆరేళ్లు దాటితే తీసుకెళ్లండి. చివరి గదిలో ఐదు నిమిషాలు ఆగి, వెనకాయన్ని గాలి ఒకసారి తీసేయమని అడగండి. మంచివాడు, చేస్తాడు.

నెలాఖరుకు వీళ్లు సామాను సర్దుకుని కర్నూలు పోతున్నారట. వచ్చేటప్పుడు నెత్తురు రంగు సంగతి మళ్లీ గుర్తుచేశాను. "అదెంత పని మేడమ్, డ్రమ్ములో బట్టల నీలిమందు రెండు చుక్కలేస్తే అయిపాయె" అన్నాడు. కర్నూలు వాళ్లెవరైనా చూస్తే చెప్పండి. నీలంగా చిమ్మితే ఆ 4 మార్కులు కలిపి 45 చేస్తాను.